వేలు మనది, పైసలు ఎవరివి?

"ఐడెంటిటీ థెఫ్ట్" అనే మాట వింటే ఎక్కడో హైదరాబాద్‌లో, విశాఖలో క్రెడిట్ కార్డులు ఉన్నవాళ్ల బాధ అనుకుంటాం. సైబర్ పోలీసులు అంటించే పోస్టర్లు కూడా అట్లనే ఉంటాయి. ముఖానికి ముసుగు వేసుకున్న ఒక మనిషి, చేతిలో ల్యాప్‌టాప్, చుట్టూ పచ్చటి అంకెలు. మన గూడేల్లో జరిగే దొంగతనం ఆ పోస్టర్లలో కనపడదు. మన దగ్గర దొంగకు ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ముసుగు అసలే అక్కర్లేదు. సంతలో చింతచెట్టు కింద ఒక టేబుల్, ఒక ఫోను, దానికి తగిలించిన వేలిముద్ర మిషన్ చాలు. మన అవ్వ, మన తాత లైన్లో నిలబడి మరీ వేలు పెట్టి వస్తారు.

అందరూ దొంగలే అనట్లేదు. బ్యాంకు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నచోట ఆ మిషన్ పెట్టుకున్న కుర్రాడే మనోళ్లకు బ్యాంకు. నిజాయితీగా చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. నా మాట ఏంటంటే, ఈ ఏర్పాటు మొత్తం ఆ కుర్రాడి నిజాయితీ మీదే నిలబడి ఉంది. వాడు మంచోడైతే పైసలు వస్తాయి, కాకపోతే పోతాయి. పోయినాక అడిగితే "వేలు నువ్వే పెట్టావు కదా" అంటారు. చదువురాని మనిషి మీద మొత్తం బరువు వేసి, పైగా "అప్రమత్తంగా ఉండండి" అని ఉపన్యాసం ఇవ్వడం ఏం న్యాయం?

వేలిముద్రతో మోసపోవడం మనకు కొత్త కాదు. మన ముత్తాతల కాలంలో దాన్ని నిశానీ అన్నారు. షావుకారు ఖాళీ కాగితం మీద నిశానీ వేయించుకునేవాడు, తర్వాత తనకు కావాల్సింది రాసుకునేవాడు. ఉప్పుకు, బట్టకు, రెండు బస్తాల జొన్నలకు చేసిన అప్పు మీద ఎకరాలకు ఎకరాలు పోయాయి. ఏజెన్సీలో భూమి చేతులు మారడాన్ని అడ్డుకోవడానికి 1917లో బ్రిటిష్ వాడే చట్టం తేవాల్సి వచ్చింది. తర్వాత 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టి చేసిన 1/70 వచ్చాయి. ఆ చట్టాల వెనుక ఎన్ని లక్షల నిశానీలు ఉన్నాయో ఆలోచించండి. అప్పటికీ ఇప్పటికీ తేడా ఒక్కటే. ఆ కాగితానికి ఒకసారి వేసిన నిశానీ ఆ కాగితానికే పనికొచ్చేది. ఇప్పటి వేలిముద్ర అన్ని తాళాలకూ ఒకే తాళంచెవి. బియ్యానికి అదే, పింఛనుకు అదే, ఉపాధి కూలికి అదే, సిమ్ కార్డుకూ అదే. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేం.

మిషన్ లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకోవాలి. దీన్ని ఆధార్ ఎనేబుల్డ్ పేమెంట్ సిస్టమ్ అంటారు, పొట్టిగా ఏఈపీఎస్. నడిపేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. ఖాతాలోంచి డబ్బు తీయడానికి దీనికి కావాల్సినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఓటీపీ అక్కర్లేదు, ఏటీఎం కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీయొచ్చు. ఖాతాకు ఆధార్ లింక్ అయితే ఈ దారి తెరుచుకున్నట్టే. "నీకు ఈ సౌకర్యం కావాలా వద్దా" అని మన అవ్వను ఎవరైనా అడిగారా? అడగలేదు.

ఇక చేసే పద్ధతులు. చాలాచోట్ల ఇవి ఒకేలా ఉంటాయి కాబట్టి చదివేటప్పుడు మీ ఊరి సంగతి గుర్తుకొస్తే ఆశ్చర్యం లేదు. అవ్వ వెయ్యి రూపాయలు అడుగుతుంది. మిషన్ మీద వేలు పెడుతుంది. "పడలేదు, మళ్లీ పెట్టు" అంటాడు. మళ్లీ పెడుతుంది. మొదటిసారే పడింది, రెండోసారి కూడా పడింది, చేతికి మాత్రం ఒక వెయ్యే వస్తుంది. పొలం పని, అడవి పని చేసి అరిగిపోయిన వేళ్లు నిజంగానే చాలాసార్లు పడవు. అందుకే ఆ మాటను ఎవరూ అనుమానించరు. మన కష్టమే వాడికి సాకు అయింది. ఇంకో పద్ధతిలో "బ్యాలెన్స్ ఎంత ఉందో చూస్తా" అని వేలు పెట్టించుకుని డబ్బు తీస్తాడు, "ఈ నెల ఇంకా పడలేదు, వచ్చే వారం రా" అంటాడు. వచ్చే వారం ఇంకో వేలు. ఎవరైనా గట్టిగా నిలదీస్తే "సర్వర్ తప్పు, రేపు సరిచేస్తా" అని సగం చేతిలో పెడతాడు. ఆ సగంతో కేసు ముగిసిపోతుంది.

చూడండి, వీటిలో హ్యాకింగ్ ఏమీ లేదు. అడ్డుకోవడానికి కూడా పెద్ద విద్య అక్కర్లేదు. లావాదేవీ అయినా, ఫెయిలైనా స్లిప్ అడగాలి. "పడలేదు" అంటే "పడలేదని స్లిప్ ఇవ్వు" అనాలి. మిషన్ తెర మీద బ్యాలెన్స్ ఎంక్వయిరీ అని ఉందా, విత్‌డ్రాయల్ అని ఉందా, ఎంత అంకె కొట్టాడు అనేది చదవగలిగిన ఒక మనిషి అవ్వ పక్కన నిలబడితే సగం దొంగతనం అక్కడికక్కడే ఆగిపోతుంది. పదో తరగతి చదివిన చెల్లి చాలు. సంత రోజున కాలేజీ పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున ఆ టేబుల్ దగ్గర కూర్చుంటే ఎలా ఉంటుందో ఒకసారి చేసి చూడండి. గొడవ పెట్టుకోనక్కర్లేదు, ఊరికే కూర్చోండి. కమీషన్ కింద వందకు ఇంత అని కోసుకునేవాళ్లను కూడా అడగండి: నీకు కమీషన్ ఇచ్చేది బ్యాంకు కదా, అవ్వ దగ్గర ఎందుకు?

పట్నం నుంచి వచ్చే సలహా ఒకటి ఉంది. "బయోమెట్రిక్ లాక్ చేసుకోండి." మంచి సలహానే. ఆధార్ సంస్థ వాళ్ల మై ఆధార్ వెబ్‌సైట్‌లో, ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు. తాళం వేశాక ఎవరు నీ వేలిముద్ర నకలు పెట్టినా మిషన్ ఒప్పుకోదు. అవసరమైనప్పుడు కాసేపు తెరిచి, మళ్లీ వేసుకోవచ్చు. ఫోను ఉన్న ప్రతి యువకుడూ, యువతీ ఈ పని ఇవాళే చేసుకోవాలి. కానీ ఆ సలహా ఇచ్చినవాళ్లు మన గూడెం చూడలేదు. తాళం వేయాలన్నా తీయాలన్నా ఓటీపీ రావాలి. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఫోను నంబరు ఎక్కి ఉండాలి. అవ్వకు ఫోను లేదు, ఉన్నా సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. పైగా తాళం వేస్తే రేషన్ షాపులో కూడా అవ్వ వేలు పడదు. డీలర్ ముందు నిలబడి బియ్యం లేకుండా తిరిగి వచ్చే పరిస్థితి. కాబట్టి ముసలివాళ్ల విషయంలో తాళం ఒక్కటే మందు అని నేను అనను. ఇంట్లో చదువుకున్న మనవడు ఉండి, రేషన్ రోజున తాళం తీసే ఓపిక ఉంటే వేయండి. లేకపోతే కనీసం నెలకోసారి పాస్‌బుక్ ఎంట్రీ వేయించండి. పాస్‌బుక్ ఎంట్రీ అనేది పాతకాలపు పని అనుకోవద్దు. చదువురాని మనిషికి తన ఖాతాలో ఏం జరిగిందో చూపించే కాగితం అదే.

ఫోను నంబరు దగ్గర అసలు చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఖాతా తెరిచేటప్పుడు, ఆధార్ సరిచేయించేటప్పుడు ఫారంలో మొబైల్ నంబరు అడుగుతారు. అవ్వ "నాకు లేదు బిడ్డా" అంటుంది. ఫారం నింపేవాడు తన నంబరో, తన దుకాణం కుర్రాడి నంబరో రాస్తాడు. చెడు ఉద్దేశం లేకుండానే రాయొచ్చు. కానీ ఆ రోజు నుంచి అవ్వ ఖాతాలో డబ్బు పడినా, తీసినా మెసేజ్ వాడికే పోతుంది. ఓటీపీ వాడికే పోతుంది. కూలి పడిన సంగతి అవ్వకంటే ముందు వాడికి తెలుస్తుంది. మీ ఇంట్లో వాళ్ల ఖాతాలకు, ఆధార్‌కు ఏ నంబరు ఎక్కి ఉందో చూడండి. ఆధార్‌ది మై ఆధార్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు, లేదా 1947కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు. వేరేవాడి నంబరు ఉంటే ఇంట్లో నమ్మకమైన మనిషి నంబరు వేయించండి. దానికి ఆధార్ కేంద్రానికి మనిషిని తీసుకుపోవాల్సి వస్తే ఒక రోజు కూలి పోతుంది. తప్పదు.

కూలి డబ్బు "పడలేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని వేరే రకం. ప్రభుత్వం ఆధార్ ఆధారంగా డబ్బు పంపేటప్పుడు ఖాతా నంబరు చూడదు. ఆ ఆధార్‌కు ఆఖరుగా ఏ బ్యాంకు ముడిపడిందో ఆ బ్యాంకుకు పంపుతుంది. ఉపాధి హామీలో 2024 జనవరి 1 నుంచి ఈ పద్ధతినే తప్పనిసరి చేశారు. ఇప్పుడు ఎవరో "ఫ్రీ ఖాతా" అనో, "లోన్ వస్తది" అనో ఊళ్లో అందరి వేళ్లు పెట్టించుకుని కొత్త ఖాతాలు తెరిచి ఆధార్ ముడేస్తే, మన డబ్బు మనకు తెలియని ఖాతాకు పోతుంది. ఇది ఊహ కాదు. 2017లో ఎయిర్‌టెల్ సిమ్‌కు ఆధార్ వెరిఫికేషన్ అని వేలు పెట్టిన లక్షల మందికి వాళ్లకు చెప్పకుండానే పేమెంట్స్ బ్యాంకు ఖాతాలు తెరిచారని, గ్యాస్ సబ్సిడీ అందులోకి పోయిందని దేశమంతా గొడవ అయింది. ఆ డిసెంబర్‌లో ఆధార్ సంస్థ ఆ కంపెనీ వెరిఫికేషన్ అనుమతిని కొంతకాలం ఆపేసింది కూడా. ఆధార్‌కు ఇప్పుడు ఏ బ్యాంకు ముడిపడి ఉందో మై ఆధార్‌లో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" అని చూపిస్తుంది. కూలి రాలేదని ఫీల్డ్ అసిస్టెంట్‌తో తగాదా పడేముందు ఇది చూడండి. ఆ వెబ్‌సైట్‌లోనే గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎప్పుడు, ఎలా వాడారో చరిత్ర కూడా ఉంటుంది. అందులో మీరు పెట్టని వేలు కనపడితే అదే మీ సాక్ష్యం. ప్రింట్ తీసి పెట్టుకోండి.

వేలు పెట్టకుండానే వేలిముద్ర ఎట్లా దొంగిలిస్తారని కొందరు అడుగుతారు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో దొరికిన కేసు చదవండి. సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజులు దించుకున్నాడు. దస్తావేజులో వేలిముద్ర ఉంది, ఆధార్ నంబరు కూడా ఉంది. ఆ వేలిముద్రలను రబ్బరు స్టాంపుల్లా తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాతి సంవత్సరాల్లో ఇదే పద్ధతితో బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు తీసిన ముఠాలు కూడా రెండు తెలుగు రాష్ట్రాల్లో పట్టుబడ్డాయి. ఇక్కడ బాధితులు ఏం అజాగ్రత్త చేశారు? ఏమీ చేయలేదు. చట్ట ప్రకారం భూమి రిజిస్టర్ చేయించుకున్నారు. సర్కారే వాళ్ల వేలిముద్రలు తీసి రోడ్డు మీద పెట్టింది. "అప్రమత్తంగా ఉండండి" అనే పోస్టర్ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు అంటించాల్సింది.

జిరాక్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పట్టాకు, స్కాలర్‌షిప్‌కు, హాస్టల్ సీటుకు, ఐటీడీఏ స్కీముకు, ఆఖరికి మెడికల్ క్యాంపుకు కూడా ఆధార్ జిరాక్స్ అడుగుతారు. ఒక్కో కుటుంబం పది చోట్ల ఇచ్చి వస్తుంది. ఆ కట్టలు ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు. జిరాక్స్ ఇచ్చే ప్రతిసారీ దాని మీద అడ్డంగా "ఫలానా పనికి మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ దించుకోవచ్చు, చాలా పనులకు అది సరిపోతుంది. సిమ్ కార్డుకు ఆధార్ ఒక్కటే కావాలని పట్టుబట్టే హక్కు ఎవరికీ లేదు. 2018 సెప్టెంబర్ 26 నాటి సుప్రీంకోర్టు ఆధార్ తీర్పు ఆ తప్పనిసరిని కొట్టేసింది. ఓటరు కార్డు ఇవ్వండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. మీవి కానివి ఉంటే అక్కడే "ఇది నాది కాదు" అని నొక్కొచ్చు. పదిమంది కూర్చుని చూస్తే కనీసం ఒకరికైనా తెలియని నంబరు దొరుకుతుందని నా అనుమానం.

ఇప్పటిదాకా అవ్వ గురించి, తాత గురించి మాట్లాడాను. ఇప్పుడు మీ గురించి. డిగ్రీ కాలేజీల్లో, ఐటీఐల్లో, కోచింగ్ కోసం పట్నం పోయిన రూముల్లో ఒక బేరం నడుస్తోంది. "నీ పేరు మీద ఒక బ్యాంకు ఖాతా తెరువు, ఏటీఎం కార్డు, సిమ్ నాకియ్యి, రెండు వేలు ఇస్తా." ఊరికే వచ్చే రెండు వేలు అనుకుని ఇచ్చేస్తారు. ఆ ఖాతాలోకి ఎక్కడో గుజరాత్‌లోనో మహారాష్ట్రలోనో మోసపోయిన ముసలాయన పెన్షన్ డబ్బు వచ్చి, అదే రోజు వెళ్లిపోతుంది. మూడు నెలల తర్వాత పోలీసులు మన తమ్ముడి హాస్టల్‌కు వస్తారు. కాగితాల మీద దొంగ మన తమ్ముడే. అసలు వాడు ఎవరో, ఎట్లా ఉంటాడో ఈ తమ్ముడికి తెలియదు. స్కాలర్‌షిప్ పడే ఖాతా కూడా ఫ్రీజ్ అవుతుంది. ఉద్యోగం వచ్చే సమయానికి పోలీస్ వెరిఫికేషన్‌లో ఆ కేసు కూర్చుని ఉంటుంది.

మన పిల్లలనే ఎందుకు వెతుక్కుంటూ వస్తారు? పైసల అవసరం ఉంది, అడిగే పెద్దమనిషి లేడు, పోలీసులు పట్టుకుంటే లాయరును పెట్టుకునే స్తోమత లేదు. ఖాతా అద్దెకు అడిగేవాడు ఇవన్నీ లెక్కేసుకునే వస్తాడు. ఐటీ చట్టం 66సి ప్రకారం ఇంకొకరి గుర్తింపును మోసంగా వాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అద్దెకు ఇచ్చినవాడు "నాకు తెలియదు" అంటే స్టేషన్‌లో వినే ఓపిక ఎవరికీ ఉండదు. హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ ఒక్క పేరా పెట్టినా చాలు. ఇప్పటికే ఇచ్చినవాళ్లు ఉంటే సిగ్గుపడి దాచొద్దు. బ్యాంకుకు పోయి రాతపూర్వకంగా ఖాతా మూయించండి, 1930కు ఫోన్ చేసి చెప్పండి, కాగితాలు దాచుకోండి. పోలీసులు వచ్చేదాకా ఆగినవాడి పరిస్థితి వేరు, ముందే చెప్పినవాడి పరిస్థితి వేరు.

డబ్బు పోతే ఏం చేయాలి? చాలామందికి తెలియని సంగతి, బ్యాంకులు చెప్పని సంగతి ఒకటి ఉంది. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఖాతాదారుడి తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మధ్యలో ఇంకొకరి వల్ల డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారుడి మీద పైసా భారం ఉండకూడదు. తప్పు బ్యాంకు వైపు ఉంటే ఎప్పుడు చెప్పినా భారం బ్యాంకుదే. నాలుగు నుంచి ఏడు రోజుల్లో చెబితే మన వంతు భారానికి ఒక పరిమితి ఉంది. మన జీరో బ్యాలెన్స్ ఖాతాలకు అది 5,000 దాటకూడదు. ఫిర్యాదు ఇచ్చిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో వేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట: తప్పు ఖాతాదారుడిదే అని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది. "వేలు నువ్వే పెట్టావు" అని మేనేజర్ నోటితో అంటే సరిపోదు. ఎదురుగా మిషన్ మీద జరిగే లావాదేవీలు కూడా ఆ సర్క్యులర్ పరిధిలోనే ఉన్నాయి.

కానీ అవ్వకు మెసేజ్ రాలేదు, మూడు రోజులు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరు లెక్కపెడతారు? ఇక్కడే మెసేజ్ ఎవరి నంబరుకు పోయిందనేది తిరిగి వస్తుంది. ఫిర్యాదులో "నాకు సమాచారం అందలేదు, పాస్‌బుక్ ఎంట్రీ వేయించిన ఫలానా తేదీన తెలిసింది" అని తప్పక రాయండి. నోటి మాటతో తిరిగి రావొద్దు, నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. అదే రోజు 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ముప్పై రోజుల్లో బ్యాంకు తేల్చకపోయినా, కాదన్నా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు పెట్టొచ్చు. వాళ్ల నంబరు 14448. తెల్ల కాగితం మీద రాసి పోస్టులో పంపినా తీసుకుంటారు. లాయరు అక్కర్లేదు.

మన గుర్తింపును దొంగిలించే ఇంకో తరగతి ఉంది, వాళ్లు సంతలో కూర్చోరు. ఆఫీసుల్లో కూర్చుంటారు. బోగస్ ఎస్టీ సర్టిఫికెట్‌తో ఉద్యోగం కొట్టినవాడు అవ్వ వెయ్యి రూపాయలు తీసినవాడికన్నా చిన్న దొంగ ఏమీ కాదు. వాడు తీసింది ముప్పై ఏళ్ల జీతం, ఒక కుటుంబం మొత్తం దశ మారే అవకాశం. కానీ దాన్ని ఎవరూ ఐడెంటిటీ థెఫ్ట్ అనరు. "సర్టిఫికెట్ వివాదం" అంటారు. 1/70 ఉన్నచోట గిరిజనుడి పేరు మీద భూమి కొని మేడలు కట్టేది, గిరిజన సొసైటీ పేరు మీద ఇసుక తవ్వుకుపోయేది కూడా ఇదే పని. పేరు మనది, బతుకు వాడిది. మన పేరు అద్దెకిచ్చినవాళ్లకు దక్కేది కూడా ఆ హాస్టల్ తమ్ముడికి దక్కే రెండు వేల లాంటిదే.

వీళ్ల మీద చట్టం మన వైపే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో వచ్చిన 16వ నంబరు చట్టం ప్రకారం బోగస్ సర్టిఫికెట్ మీద కలెక్టర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. నేను ఎస్టీనే అని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత సర్టిఫికెట్ పట్టుకున్నవాడిదే. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి సర్టిఫికెట్లను విచారించడానికి పద్ధతి చెప్పింది. 2017లో ఇంకో తీర్పులో, అబద్ధపు సర్టిఫికెట్‌తో పొందిన ఉద్యోగం ఎంతకాలం చేసినా నిలబడదని తేల్చింది. కేసులు ఏళ్ల తరబడి నానుతాయి, అది నిజం. ఆ సాగదీతలోనే వాడు రిటైర్ అయిపోతాడు. అందుకే పేరు మీద అనుమానం వచ్చిన రోజే సమాచార హక్కు కింద ఆ సర్టిఫికెట్ ఏ మండలంలో, ఏ కాగితాల మీద ఇచ్చారో అడగాలి. ఈ విషయం మీద మన పేజీలో వేరే వ్యాసాలు వచ్చాయి, ఇంకా రావాలి. ఇక్కడ ఇంతటితో ఆపుతాను.

మళ్లీ ఆ మిషన్ దగ్గరికి. ఒక్కొక్కరం ఒక్కో ఖాతా కాపాడుకుంటూ పోతే ఈ పని తెమలదు. 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్‌లో గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఇచ్చిన అధికారాల జాబితా చదవండి. సారా, అటవీ ఉత్పత్తులు, భూమి గురించి మనం ఎప్పుడూ మాట్లాడతాం. అదే జాబితాలో గ్రామ సంతల నిర్వహణ కూడా ఉంది. గిరిజనులకు ఇచ్చే అప్పుల మీద నియంత్రణ కూడా ఉంది. సంత మనదైతే, సంతలో టేబుల్ వేసుకుని మన వేళ్లు తీసుకునేవాడు ఎవరు, ఏ బ్యాంకు తరఫున వచ్చాడు, వాడి కోడ్ నంబరు ఏంటి అని అడిగే అధికారం గ్రామసభకు ఎందుకు ఉండదు? నా లెక్కలో ఉంటుంది. ఇంతవరకు దాన్ని వాడి చూసిన ఊరు నాకు కనపడలేదు, అంతే. రిజర్వ్ బ్యాంకు కూడా 2025 జూన్‌లో ఈ మిషన్ నడిపేవాళ్లను బ్యాంకులు సరిగ్గా విచారించి పెట్టుకోవాలని, వాళ్ల లావాదేవీలను గమనిస్తూ ఉండాలని ఆదేశాలు ఇచ్చింది. 2026 జనవరి 1 నుంచి అవి అమల్లో ఉండాలి. అంటే మనం అడిగేది కొత్త కోరిక కాదు, బ్యాంకు చేయాల్సిన పనే.

కాబట్టి వచ్చే గ్రామసభకు ఒక తీర్మానం రాసుకుని పోదాం. భాష పెద్దది అక్కర్లేదు. మన సంతలో వేలిముద్ర మిషన్ పెట్టే ప్రతి మనిషీ తన పేరు, బ్యాంకు పేరు, ఫిర్యాదు నంబరు తెలుగులో బోర్డు మీద రాసి పెట్టాలి. మన భాషలో చదివి చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ప్రతి లావాదేవీకి స్లిప్ ఇవ్వాలి. నెలకు ఒకరోజు బ్యాంకు వాళ్లే పాస్‌బుక్ ప్రింటర్ తీసుకుని ఊరికి రావాలి. ఆధార్ మొబైల్ నంబర్లు సరిచేసే క్యాంపు ఐటీడీఏ మా పంచాయతీలోనే పెట్టాలి, ముసలివాళ్లను మండలానికి తిప్పొద్దు. అడగని ఖాతాలకు వేలిముద్ర దారి మూసిపెట్టే వీలు, రోజుకు ఇంతే తీయాలని ఖాతాదారుడే గీత గీసుకునే వీలు ఇవ్వాలని బ్యాంకును కోరాలి. ఈ ఏడాదిలో డబ్బు పోయినవాళ్ల పేర్లు, తేదీలు, మొత్తాలు ఒక కాగితం మీద రాసి తీర్మానానికి జత చేయండి. ఆ కాగితం మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు, అందులో మనోళ్ల ఖాతాల వివరాలు ఉంటాయి.

మూడు నకళ్లు తీయండి. ఒకటి బ్యాంకు మేనేజర్‌కు, ఒకటి ఐటీడీఏ పీఓకు, ఒకటి ఊళ్లో ఉంచుకోవడానికి. ఊళ్లో ఉండే నకలు మీద ఆ రెండు ఆఫీసుల ముద్ర, తేదీ పడాలి. ముద్ర వేయడానికి మేనేజర్ ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.